తువ్వాల ముడి

కరీంనగర్‌లో రైతులకు ఫోన్‌లో మోటారు రిపేరు నేర్పే చిన్న ఆఫీసు అది. పాఠాలు తయారుచేసే రచన, ఆ పాఠాలు చెప్పిన మెకానిక్ రాయమల్లును గంట నుంచి కుర్చీలో కూర్చోబెట్టింది గాని, ఆయన మనసు బస్టాండులోనే ఉంది.

"మళ్ల లేస్తున్నరేంది కాకా? జర కూసోండ్రి."

"కొండగట్టు బస్సు పోతది బిడ్డా. మా వదినె బస్టాండ్ల ఎదురుచూస్తుంది."

"పది నిమిషాలే. ఆరో పాఠం ఇంకొక్కసారి చూద్దాం."

"నాలుగుసార్లు చూస్తిమి! ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోవాలె, మెయిన్ బంద్ చెయ్యాలె, మూడు ఫ్యూజులు పీకాలె, బాయికాడికొచ్చి స్టార్టర్ విప్పాలె. అన్ని చెప్పిన. ఏం తప్పు చెప్పిన?"

"తప్పు చెప్పలే. జైనూర్ పిలగాడు సంపత్ గూడ గట్లనే చేసిండు. ఒక్క మాట ఇడ్సిపెట్టలే."

"మరి షాక్ ఎట్ల కొట్టింది?"

"పీకిన ఫ్యూజులు ట్రాన్స్‌ఫార్మర్ కాడి డబ్బా మీద పెట్టి బాయికాడికి పోయిండు. పొలం ఎండుతుందని పక్కోడొచ్చి మళ్ల పెట్టి మెయిన్ ఏసిండు."

"పక్కోడు... ఎట్లున్నడు పిలగాడు?"

"ఆదిలాబాద్ దవాఖానల ఉన్నడు. పానానికి ఫికర్ లేదన్నరు. కుడిచెయ్యి కాలింది. వాళ్లవ్వ ఫోన్ చేసింది. 'పాఠం ముప్పైసార్లు చూసిండు బిడ్డా, నా కొడుకు ఎక్కడ తప్పిండో జర చెప్పు' అన్నది. నన్ను తిట్టినా బాగుండు."

"పిలగాండ్లకు తెలివుండాలె. డబ్బా మీద పెడ్తరా ఎవరన్న?"

"ఎక్కడ పెట్టాలెనో మనం చెప్పినమా?"

"గది గూడ చెప్పుడేంది..."

"గిక్కడ చూడండ్రి. వీడియో ఆపిన. ఫ్యూజులు పీకినంక మీ చేతులేం చేస్తున్నయి?"

"తువ్వాల సదురుకుంటున్న."

"సదురుకునుడు కాదు. ఫ్యూజులు తువ్వాలల మూటగట్టి నడుముకు చుట్టుకున్నరు. పని అయ్యేదాంక ఇప్పలే. వంగినప్పుడల్ల టక్కుటక్కుమని సప్పుడు. పాఠానికి అడ్డమొస్తుందని, వీడియో ఎడిటింగ్ చేసే సాయిచంద్‌తోటి ఆ సప్పుడు తీసేయించింది నేనే. తీసెయ్యమన్న నోరు నాదే!"

"నువ్వెందుకు పరేషాన్ అయితవు? నీకేమెరుక?"

"ఎరుక లేనప్పుడు అడగాలె గద! పాఠాలు తయారుచేసే మా సదువుల మొదలు గిదే చెప్తరు. పని బాగ వచ్చినోళ్లు సగం పని చేతుల్తోనే చేస్తరు, నోటికి రాదు, పక్కన కూసొని గుంజాలె అని. మీరు మర్చిపోయిన్రు, నేను గుంజలే."

"ఆఁ, గంతే, గంతే. మర్చిపోయిన. ముప్పై ఏండ్ల అలవాటాయె, యాదికి రాలే. గట్లనే రాసుకో. నేను పోత మరి."

"ఆగుండ్రి! రెండువేల మంది చూసిన్రు గీ పాఠం. ఇయ్యాల మార్చకపోతే రేపు ఇంకొకడు డబ్బా మీద పెడ్తడు. కెమెరా తయారుంది. ఫ్యూజులు నడుముకు కట్టుకోవాలె, ఎందుకు కట్టుకోవాలె. గీ రెండు మాటలు చెప్పి పోండ్రి."

"కట్టుకోండ్రని చెప్త. ఎందుకో వద్దు."

"ఎందుకో చెప్పకపోతే ఎవ్వరు కట్టుకోరు. బరువని పక్కకు పెడ్తరు."

"అయితే నువ్వే చెప్పు. నీ గొంతు మంచిగుంటది."

"నేను ఏనాడన్న స్టార్టర్ ముట్టిన్నా? మీరు చెప్తెనే ఇంటరు. గా ముడి మీకెవరు నేర్పిన్రు?"

"ఎవ్వరు నేర్పలే."

"మరి ఎప్పటిసంది కడ్తున్నరు?"

"బస్సు పోతది బిడ్డా."

"ఎప్పటిసంది కాకా?"

"మా అన్న పోయినప్పటిసంది. హనుమండ్లు. నాకు పని నేర్పింది ఆయన్నే. ఆయన గూడ డబ్బా మీదనే పెడ్తుండె."

"అయ్యో... మరి ఆయనకు గూడ..."

"బాయికాడనే పానం పోయింది."

"ఫ్యూజులు పెట్టినోడు దొరికిండా?"

"దొరకలే. 'పెట్టినోని చెయ్యి పడిపోను' అని మా వదినె ఇప్పటికీ తిడ్తది. నాకు అన్నం పెట్టుకుంటనే తిడ్తది."

"గిదే చెప్పండ్రి కాకా. అన్న గిట్ల పోయిండు, ఎవరో చూడక పెట్టిన్రు, అందుకే నేను కడ్తున్న అని. ఇన్నోళ్లు జన్మల మర్వరు."

"ఎవరో అంటే ఇంటరా?"

"ఎందుకినరు? నిజమే గద!"

"కెమెరా జర ఆగనియ్యి బిడ్డా."

"కాకా, ఏమైంది? నీళ్లు తాగుతరా?"

"వద్దు. మా వదినెకు ఫోన్ కలుపు. బస్సు పోతే పోనియ్యి, గిక్కడికి రమ్మను. ఆమె ముంగటనే చెప్త."

"ఆమెనెందుకు ఏడిపిచ్చుడు? పాఠం మనది గద."

"నేను మర్చిపోయి కాదు బిడ్డా చెప్పంది. ఆ దినం వరి ఎండుతుందని గా ఫ్యూజులు మళ్ల పెట్టిన చెయ్యి నాదే."