పదహారు కాజాల ఇంజను

షెడ్డులో పాత కారు బానెట్టు ఎత్తి ఉంది. దాని మీదికి వంగి ఒక పక్క మేస్త్రి, రెండో పక్క మెడలో కొలతల టేపు తియ్యడం మరిచి వచ్చిన టైలరు. ముందు సీట్లో టైలరు భార్య కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందని మగవాళ్ళిద్దరి నమ్మకం.

"కుదరదండీ టైలరుగారూ."

"ఎందుకు కుదరదు? ఎనిమిది కాజాల చొక్కాకి ఇంకో ఎనిమిది కాజాలు కొట్టడం నాకు చిటికెలో పని. ఎనిమిది వాల్వుల ఇంజనుకి నువ్వు ఇంకో ఎనిమిది పెట్టలేవూ?"

"ఇది చొక్కా కాదండీ."

"మరీ మంచిది. ఇనుము కదా, చిరగదు. చిల్లులు పెట్టు."

"ఇంజను పై మూత ఈ హెడ్డు, దీని లోపలంతా నీళ్ళ దారులు. చిల్లు పెడితే ఇంజను నీళ్ళు తాగి చస్తుంది. పైగా వాల్వంటే ఉత్త చిల్లు కాదు. వేళకి తెరుచుకోవాలి, వేళకి మూసుకోవాలి..."

"బొత్తాం."

"బొత్తామే అనుకోండి. నిమిషానికి వెయ్యిసార్లు పెట్టి తీసే బొత్తాం. ఆ పెట్టి తీసే కడ్డీ కూడా ఎనిమిదింటికే చేసి ఉంది."

"మరి మా తోడల్లుడి కారుకి పదహారు ఎలా వచ్చాయి?"

"అది పుట్టుకతోనే పదహారు."

"అంతేలే. పళ్ళు పీకేవాడికి అన్నీ పుట్టుకతోనే వస్తాయి."

"మీ తోడల్లుడంటే... పళ్ళ డాక్టరుగారా?"

"నీకు తెలుసా వాడు?"

"తెలుసంటే... ఆ, తెలుసు లెండి. మీరా టేపు తియ్యండి ముందు, బెల్టులో పడుతుంది."

"టేపు సంగతి తర్వాత. రేపు కొండ మీద మామగారి పుట్టినరోజు. ఇద్దరల్లుళ్ళం కింద వంతెన దగ్గర కలిసి బయల్దేరతాం. ముందు చేరిన అల్లుడికి ఆయన గుమ్మం దాకా ఎదురొచ్చి ‘వచ్చావా నాయనా’ అంటారు. పక్కనే కుర్చీ వేయిస్తారు. సాయంత్రం దాకా లేవనివ్వరు."

"వెనకొచ్చిన అల్లుణ్ణి తిడతారా?"

"తిట్టినా బావుణ్ణు. ‘ఊఁ’ అంటారు."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁయే! ఏళ్ళ తరబడి నాకు ఆ ఊఁయే గతి. ఆయన పంచెలకి అంచులు కుట్టిచ్చేది నేను, ‘నాయనా’ వాడు. నాకూ మనసనేది ఒకటుంటుంది కదయ్యా. ఎంత బాధేస్తుందో తెలుసా? వచ్చేటప్పుడు దారంతా మాట్లాడను. మా ఆవిణ్ణడుగు. వద్దులే, పడుకుంది."

"అడగను లెండి."

"పోనీ వాల్వులొద్దు. సిలిండరుకి ఛాతీ దగ్గర వదులు చెయ్యి. రెండంగుళాలు."

"రెండంగుళాలా! గోడే అంత లేదు."

"లోపల మడత వదల్లేదా? నేనైతే ఎప్పుడూ లోపల మడత వదులుతాను, రేపు ఒళ్ళు చేసినా పనికొస్తుందని."

"కారు ఒళ్ళు చెయ్యదండీ! కాస్త వినండి. మీ సిలిండరు సన్నం, పొడుగు. ఆయనది వెడల్పు, పొట్టి. వెడల్పుంటే పైన నాలుగేసి వాల్వులు పడతాయి. రెండింట్లోంచి గాలి పీల్చి రెండింట్లోంచి పొగ వదులుతుంది. ఎప్పుడు? పరిగెత్తేటప్పుడు. సాఫీ రోడ్డు మీద ఆయన్ని మీరు పట్టుకోలేరు."

"తెలిసిందే కదా. ఏడిపించకు."

"ఆగండి. కొండ మలుపుల్లో పరుగెక్కడిది? అక్కడ నెమ్మదిగా ఈడ్చాలి. పిస్టను ఎక్కువ దూరం కదిలే పొడుగు సిలిండరుకి ఆ ఈడ్చే బలం ఉంటుంది. మీదదే. చిన్న వాల్వులైనా నెమ్మదిగా పోయేటప్పుడు ఆ గాలి చాలు. అసలు కొండ మీద మీరే గెలవాలి."

"నేనా? మరి ఓడుతున్నానే!"

"అదే నాకూ అంతు పట్టట్లేదు. ఆగండి, వెనక చక్రం ఊడదీసి చూద్దాం... అమ్మ బాబోయ్. ఇక్కడా ఇంతేనా!"

"ఇక్కడా అంటే?"

"ఏం లేదండీ. వెనక బ్రేకులు బొగ్గయిపోయాయి. హ్యాండ్ బ్రేకు లాగి కొండెక్కుతున్నారా?"

"నాకేమన్నా పిచ్చా?"

"ఎక్కేటప్పుడు ముందు ఎర్ర లైటు వెలగదూ?"

"వెలుగుతుంది. కొండ మీదే వెలుగుతుంది. ఎత్తంటే కారుకి భయమేమో అనుకున్నా."

"మాడిన వాసన?"

"బాగా వస్తుంది. అది వాడి కారు వాసన. వాడే కదా ముందుండేది."

"హ్యాండ్ బ్రేకు మీ పక్కనే ఉంటుంది కదండీ, కనబడదూ?"

"ఎలా కనబడుతుంది? దాని మీద మా ఆవిడ సంచీ పెట్టుకుంటుంది. సంచీ మీద చెయ్యి వేసుకుని..."

"వేసుకుని?"

"...కూర్చుంటుంది."

"టైలరుగారూ, అమ్మగారు కళ్ళు తెరిచారు."

"ఏమే! నిద్రపోవట్లేదా?"

"ఇంత గోలలో నిద్రెక్కడిదండీ? ఆ బ్రేకు లాగేది నేనే. రెండు టక్కులు. వాళ్ళ కారుకి మరీ దగ్గరికొచ్చేస్తే మూడు."

"నువ్వా! కట్టుకున్నదానివి! పక్కనే కూర్చుని నా గొంతు కోశావే! మీ అక్క మీద అంత ప్రేమా?"

"అక్క మీద కాదు, మీ మీద. మొదటి ఏడు మనమే గెలిచాం, గుర్తుందా?"

"మనం? ఎప్పుడు?"

"చూశావా అన్నా, అదీ వరస. నాన్న చేసింది నీళ్ళ సరఫరాలో ఉద్యోగం. ఆ రోజు ఈయన్ని కూర్చోబెట్టుకుని ఊళ్ళో ఏ పైపుకి ఏ వాల్వు, ఎవరు తిప్పితే బిగుసుకుంది, ఎవరు తిప్పితే కారింది, పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా చెప్పారు. మధ్యలో మంచినీళ్ళకి లేస్తే, ఆ నీళ్ళు ఏ వాల్వులోంచి వచ్చాయో చెప్పారు."

"ఆ... ఆ ఎర్ర పిడి వాల్వు..."

"గుర్తొచ్చిందా? కొండ దిగుతూ కారాపి ఏడ్చారు. ‘ఆ కుర్చీలో ఇంకోసారి కూర్చుంటే నా ప్రాణం పోతుంది. ఈ జన్మలో నన్ను ముందు చేరనివ్వకు’ అని మీ తల మీద నా చెయ్యి వేయించుకుని ఒట్టు వేయించుకున్నారు. వేశాను. నిలబెట్టుకుంటున్నాను."

"అది కోపంలో అన్న మాటే!"

"కోపంలో అన్నది ఫలానా రోజుతో సరి అని మీరు చెప్పలేదు. మీరు దారంతా మూతి ముడుచుకు కూర్చుంటే, నాన్నని తలుచుకుని భయపడుతున్నారనుకున్నా."

"భయం కాదే. బాధ. మీ నాన్న ఊఁ అంటే నాకు బాధ."

"ఆ మాట ఇన్నాళ్ళూ నాతో అన్నారా? ఇవాళ మేస్త్రితో అంటుంటే విన్నాను."

"అనాల్సిందే. పొరపాటైంది."

"ఒట్టు తీసి గట్టు మీద పెడతాను. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోగలరా మరి? నిజం చెప్పండి."

"కూర్చుంటానే. అప్పుడు వాల్వంటే ఏమిటో తెలీదు, తల తిరిగింది. ఇప్పుడు ఇందాకట్నుంచీ ఇదే కదా విన్నాను. ఆయన ఒకటంటే నేను రెండంటాను. సన్నం, పొడుగు, వెడల్పు, పొట్టి... ఆయనకీ ఎదురు మాట్లాడేవాడు దొరికినట్టుంటుంది. పాపం పెద్దాయన."

"అయితే సరే. సంచీ వెనక సీట్లో పెడతాను."

"మేస్త్రీ, విన్నావుగా! బ్రేకులు మార్చెయ్. రేపు గెలుస్తామంటావా?"

"గెలుస్తారండీ, అందులో అనుమానమే లేదు. పొద్దున్నే మీ డాక్టరుగారు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు. ఆయన వెనక బ్రేకులు మీ వాటికన్నా మాడిపోయాయి, ఆయన బ్రేకు ఆయనే లాక్కుంటూ ఎక్కుతున్నారట. అయినా ఏటా నెగ్గుతూనే ఉన్నారు. ‘మేస్త్రీ, ఎంతైనా సరే, ఆ పదహారులో ఎనిమిది పీకెయ్. ఆ ఊఁ ఏదో ఈ ఏడైనా నాకు దక్కనీ’ అన్నారు."