మహానందయ్య కొత్త చూపు

ఆళ్లగడ్డ శిల్పశాలలో అమ్మవారి విగ్రహం అంతా పూర్తయింది, కళ్లు తప్ప. కళ్లు చివర్న చెక్కుతారు, దాన్నే కన్ను తెరవడం అంటారు. ఆ పని ఎవరికివ్వాలో యజమాని ఓంప్రకాష్ రేపటికల్లా తేల్చాలి. నాకే రావాలని అక్కడి పాత శిల్పి మహానందయ్య పట్టు. పడుచుతనంలో అద్దాలు వదిలించుకోవాలని కంటికి కోత పెట్టించుకున్నాడు. పాతికేళ్లకు చూపు మళ్లీ అలుక్కుపోయింది. మూడేళ్లుగా ఉత్త పీఠాలు చెక్కుతూ కుమిలిపోయాడు. రెండు నెలల కిందట నంద్యాలకు పోయి లేజరు చేయించుకున్నాడు. ఇప్పుడు కొండమ్మ టీ అంగట్లో, ఓంప్రకాష్ చెవిన పడేట్టు గొంతెత్తాడు. ఆయన నోరెప్పుడూ ఆయన చూపుకంటే ముందే నడుస్తుంది.

“పాత కోతల మీద లేజరంటే కష్టం, భయం లేదా అనింది డాక్టరమ్మ. రాతికే భయపడనోన్ని, ఎలుతురుకు భయపడతానా అంటి. పండుకోని ఆ ఎర్ర చుక్కను రెప్పెయ్యకుండా చూసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? చుక్కే కండ్లు మూసుకునింది!”

“మిషనుకు కండ్లు యాడివన్నా?” అంది కొండమ్మ.

“నువ్వు చూసినావా, నేను చూసినానా? గోడ మీద అక్షరాలు సదవమన్యారు. అక్షరాలేందమ్మా, గోడెనకాల మందులంగట్లో చీటీ సదివినా. డాక్టరు రాసిన చీటీ!”

“అబ్బో!” అన్నారు బెంచీ మీదవాళ్లు.

“అప్పుడే ఏమైంది? మొన్న మిద్దెక్కితే కొలిమిగుండ్ల శనగచేలో పురుగు కనపడె. ఇంగ ఇట్ల తిరిగితే యాగంటి! బసవన్న కొమ్ము మీద కాకి కూకోనుండాది. దాని ఈకలు ఎంచినా. రెండు తక్కువ!”

టీ వడగడుతున్న కొండమ్మ చెయ్యి ఆగింది. “యాగంటిలో కాకి యాడిదన్నా? అగస్త్యుడు శాపం పెట్టినప్పటి నుంచి ఆడ ఒక్కటన్నా వాలిందా?”

అంగడంతా గొల్లుమంది. ఓంప్రకాష్ మాత్రం నవ్వలేదు.

“లేనిది కనపడే కండ్లను నమ్మి అమ్మవారిని ఎట్లిచ్చేదప్పా? ఒక్క దెబ్బ తప్పితే ఆర్నెల్ల పని పాయె.”

మహానందయ్యకు తల కొట్టేసినట్లయింది. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు.

“దూరం బాగుండాది. దగ్గరికి ఇవి ఉండాల్సిందే. సిగ్గయి చెప్పలే. వారం నుంచి ఇంట్లో రాతిముక్కల మీద కండ్లే చెక్కుతాండా. ఇరవై చెక్కినా. మూడు చెడినాయి, పదిహేడు కుదిరినాయి. వచ్చి చూడు. నచ్చకపోతే మళ్ల పీఠాలే చెక్కుకుంటా, కానీ చూడకుండా కాదనొద్దు.”

ఓంప్రకాష్ గ్లాసు కింద పెట్టి లేచాడు.

“పద. చెడిన మూడూ ముందు చూపియ్యి.”