ఓడను ఆపిన బోల్టు

ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో పదకొండు కాకుండానే బెంచీలన్నీ నిండిపోయాయి. గేజీ పెద్దాయన వస్తూనే అంతమందిని చూసి మొహం చేటంత చేసుకున్నాడు. బయటినుంచి వచ్చే సరుకుని, కొలత సరిచూసే గేజీ పెట్టి తనిఖీ చెయ్యడం ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని, అందుకే ఆ పేరు.

“ఏమిట్రా అల్లుడూ, పనివేళ ఇంతమంది? నేనొస్తున్నానని ముందే కబురందిందా?”

“లైను ఆగింది మావయ్యా,” అన్నాడు ఆయన మేనల్లుడు. లోపల పంపులు బిగించే ఫిట్టరు. “బోల్టులు ఇవ్వట్లేదు. స్టోర్స్‌లో అడిగితే, ఒకాయన కోసం వెతుకుతున్నాం, దొరికేదాకా టీ తాగి రండి అన్నారు.”

“నన్నూ అలాగే పంపేశారు,” అన్నాడు పక్కనున్న లారీ డ్రైవరు. “నలభై పంపులు ఎక్కించుకుని పన్నెండుకల్లా కదిలితే ఆరింటికి ఊళ్ళో ఉంటాను. ఆరింటికి మా పాప పరుగు పందెం. పోయినేడు మొదటొచ్చిందట. వచ్చి, నేనున్నానేమోనని చుట్టూ చూసిందట. లేను.”

“ఉంటావులే నాయనా, నా మాట మీద ఉంటావు,” అని పెద్దాయన ఇద్దరి మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. “బోల్టులంటే గుర్తొచ్చింది. పొద్దున నేను చేసిన పని మీకింకా తెలీదు కదూ?”

“తెలీకుండా ఎక్కడికి పోతుంది బాబాయ్, చెప్పడానికేగా వచ్చావు,” అంది టీ కొట్టు అక్క, గ్లాసు చేతికిస్తూ. “ఫోనేదీ? ఎప్పుడూ జేబులో మోగుతూ ఉంటుంది?”

“సొరుగులో పడేసి తాళం వేసొచ్చా. మాట మధ్యలో మోగితే నాకు పడదు. వినండి. చిన్న పనే అనుకోండి, గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు. పొద్దున ఎనిమిదింటికి బోల్టుల పెట్టెలు దిగాయి. ఒక పెట్టె తెరిచి, ఒక బోల్టు తీసి, గేజీ తిప్పాను. ఎక్కలేదు. బోల్టు మీది మర సరిగ్గా తెగలేదు. అసలు గేజీ దేనికి, పెట్టె నేల మీద పెట్టిన చప్పుడుకే నాకు తెలిసిపోయింది, రెండో వరసలో మూడోది బాగాలేదని.”

“చప్పుడుకే?” అన్నాడు మేనల్లుడు.

“నువ్వు పుట్టినప్పుడు నీ ఏడుపు విని, వీడు ఫిట్టరవుతాడని మీ అమ్మకి చెప్పింది నేనే కదట్రా. సరే, వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని హోల్డ్ వేశాను. హోల్డ్ అంటే ఏమిటో తెలుసా డ్రైవరు బాబూ? సరుకు పేరు పక్కన ఒక గుర్తు పెడతాం, అంతే. ఇక ఆ సరుకు కళ్ళెదుట అరలో ఉన్నా ఒక్కడు ముట్టుకోడానికి లేదు. ముట్టుకుంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఎవరి వేలు వేసిందో ఆ వేలే తియ్యాలి. మేనేజరు వల్ల కూడా కాదు! అయితే వేసేముందు కంప్యూటరు నన్నొక మాటడిగింది. ఈ ఒక్క విడతలో వచ్చిన పెట్టెలకేనా, ఆ రకం బోల్టులు మొత్తానికా, అని. నన్నా అడగడం? నేనేమన్నా పిసినారినా? మొత్తానికే నొక్కాను.”

డ్రైవరు గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. మేనల్లుడు ఏదో అనబోయాడు గాని పెద్దాయన ఊపిరి తీసుకోడానికి కూడా ఆగలేదు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడౌన్లో పెట్టెలు మోసుకెళ్తున్న బండి ఉన్నచోటే నిలబడిపోయింది. తోసినా కదల్లేదు. అరల్లో ఉన్న బోల్టులన్నీ, బడిలో పంతులుగారు వచ్చినట్టు, గప్‌చుప్. ఒకడు సగం బిగించిన బోల్టుని పానా పట్టుకుని ఇద్దర్ని సాయం పిలిచి తిప్పాడు, వాళ్ళు ముగ్గురూ తిరిగారు గాని బోల్టు తిరగలేదు!”

“ఆ ముగ్గుర్లో నేను లేను మావయ్యా.”

“నువ్వు నా బంధువ్వని వదిలేసింది. ఆగు, అసలు సంగతి ముందుంది. మన పంపులు ఎక్కడెక్కడికి వెళ్ళాయి? లోకమంతా వెళ్ళాయి. వాటిల్లో బోల్టులెవరివి? మనవే. హోల్డంటే హోల్డేనాయె! నాలుగొందల మైళ్ళ అవతల ఒకాయన తలకి సబ్బు రాసుకుని కుళాయి కింద నిలబడ్డాడు. నీళ్ళు వచ్చాయి, వచ్చి, ఆయన నెత్తికి జానెడు ఎత్తులో ఆగిపోయాయి. కళ్ళు మూసుకునే ఫోను తడుముకుని నాకు చేశాడు. అయ్యా, ఒక్క చెంబెడు వదలండి, అని.”

“ఫోను సొరుగులో ఉందన్నావుగా?” అంది అక్క.

“సొరుగులోంచే వినబడింది, అంత గట్టిగా అరిచాడు. ఇంతలో సముద్రంలో ఒక ఓడ. దాని కడుపులో మన పంపులు పది. లంగరు వెయ్యలేదు, ఏమీ లేదు, అలా నిలిచిపోయింది. చుట్టూ అలలు కూడా లేచినవి లేచినట్టే ఉండిపోయాయి.”

“అలలకి బోల్టులెక్కడివి బాబాయ్?”

“అలలకి లేవమ్మా, కాని ఓడే ఆగితే అవి మాత్రం ఎవరికోసం కొట్టుకోవాలి? అప్పుడు కెప్టెనూ, సబ్బు ఆయనా, మన మేనేజరూ ముగ్గురూ కలిసి నా కాళ్ళావేళ్ళా పడ్డారు. తీసెయ్యండి పెద్దాయనా, ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయిందీ అని. నేను కదిల్తేగా! టీ తాగొచ్చి ఆలోచిస్తానన్నాను.”

ఎవరూ నవ్వలేదు. పెద్దాయనకి అది కొత్త. గ్లాసు కింద పెట్టి చుట్టూ చూశాడు.

“ఏమిట్రా? ఓడ నచ్చలేదా?”

“ఓడ పర్లేదు,” అన్నాడు డ్రైవరు, నెమ్మదిగానే. “ఆ కంప్యూటరు అడిగినదానికి నువ్వు మొత్తానికే అని నొక్కావా పెద్దాయనా? నిజంగానే?”

“అబ్బే, అదేదో ఊపులో అన్నాను. ఒక్క విడతకే నొక్కి ఉంటాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం నాది.”

“తెర మీద రెండు గళ్ళుంటాయి మావయ్యా, పైది ఒక్క విడతకి, కిందది మొత్తానికి,” అన్నాడు మేనల్లుడు. “ఏది నొక్కావు? పైదా, కిందదా?”

పెద్దాయన చూపుడు వేలు ఎత్తి, గాల్లోనే పైకి ఒకసారి, కిందికి ఒకసారి పోనిచ్చాడు. కింద ఆగింది. ఆ వేలినే కాసేపు చూసుకున్నాడు.

“కిందది,” అన్నాడు చివరికి. “అయితే మాత్రం! ఫ్యాక్టరీ ఆగిందన్నది వట్టి కోతరా. నా మాటలు మీకు తెలీవా? ఎప్పుడన్నా నిజం చెప్పానా నేను?”

“పుట్టినప్పట్నుంచీ నీ మాట ఒక్కటీ నమ్మలేదు,” అన్నాడు మేనల్లుడు. “ఇవాళ ఇదొక్కటీ నమ్ముతున్నాను మావయ్యా. ఒట్టు.”

“నమ్మకండ్రా,” అన్నాడు పెద్దాయన. గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది.

అక్క గోడ గడియారం వైపు చూసింది. పదకొండున్నర.

డ్రైవరు లేచి, పెద్దాయన చంక కింద చెయ్యి వేసి మెల్లగా లేవదీశాడు.

“ఓడ సంగతి రేపు చూసుకుందాం. ఆ వేలు జాగ్రత్తగా పట్టుకుని నడువు పెద్దాయనా, ముందు నా లారీని వదులు.”