నాలుగింటి దాకా గంతలు ఇప్పొద్దు

“ముంగట మెట్టున్నది.”

“ఎంత మెట్టు?”

“మెట్టంత మెట్టు. కాలు పెట్టు, తెలుస్తది.”

“జమ్ములూ, గిట్ల చెప్తె ఎట్ల? ఎక్కుడా, దిగుడా?”

“నువ్వు నాకెన్నడన్న చెప్పినవా? నువ్వు చెయ్యి గుంజుతుంటివి, నేను తెల్సుకుంటుంటి. దిగుడే. దిగు.”

నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాలు. చూపులేనివాళ్లకు తోడుగా ఉండేవాళ్లకు అక్కడ ఒక్కరోజు శిక్షణ పెట్టారు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తోడువాళ్ల కళ్లకు గంతలు. దారి చూపించే పని చూపులేనివాళ్లది. చెయ్యాల్సిన పనులు ఒక కాయితంలో రాసిచ్చారు: హోటల్లో భోజనం, దుకాణంలో చాయ్, ఆఖరుకు బస్సు పట్టడం. మధ్యలో గంతలు విప్పితే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే బస్సులో తోడువాళ్లకిచ్చే పాసు ఈ ఏడు మళ్లీ ఇవ్వరు. ఆ విధంగా కోడేరు నరేందర్, డిగ్రీ రెండో ఏడు దాకా చదివిన పెద్దమనిషి, పుట్టుకతో చూపులేని చెల్లెలు జమ్ములమ్మను పట్టుకుని ఊరి మీద పడ్డాడు.

“నా చెయ్యి ఇడువకు.”

“నేను పట్టుకోలే అన్నా. నువ్వే నా మోచెయ్యి పట్టుకోవాలె. రోహిణి మేడం పొద్దుగాల గదే చెప్పింది. గుంజుడు లేదు.”

“ఆమెకేంది, హాల్ల కూసొని చెప్తది. ఇరవై ఏండ్ల సంది నిన్ను తిప్పుతున్న. నాకు ట్రైనింగా?”

“మరెందుకొచ్చినవ్?”

“పాసు కోసం.”

“గదే అంటున్న. విత్తనాలకు పోవాలంటె పాసు, సుట్టాల పెండ్లికి పోవాలంటె పాసు. పక్కన నన్ను కూసోబెట్టుకుంటేనే నీ పాసు నడుస్తది. వనపర్తి బస్టాండు నేను ఎన్నిసార్లు చూసిన్నో లెక్కలేదు.”

“నువ్వు చూసుడేంది?”

“ఎడమ చేతికి మిర్చి బజ్జీలు, కుడి చేతికి పాయఖాన. నడుమ నువ్వు నన్ను కూసోబెట్టి పొయ్యే బెంచి. జాగర్త, లారీ.”

“ఏది? ఎటు?”

“పోయింది.”

“ఏంది గీ సంచి? మాటిమాటికి నా మోకాలికి తాకుతున్నది.”

“నీ మోకాలు జర దూరం పెట్టు.”

“ఏమున్నయ్ అండ్ల?”

“బట్టలు.”

“ఒక్కపూట ట్రైనింగుకు బట్టలెందుకు?”

“నువ్వు మోరీల పడ్తె మార్చుకోనీకె.”

“నీ బట్టలు నాకెట్ల పడ్తయ్?”

“మోరీల పడ్డంక గామాట అడుగుతవా నువ్వు? నడువు. అన్నా, గద్వాల ముచ్చట...”

“మళ్ల తీసినవ్.”

“మూడు నెలలే. ఉండుడు, తినుడు ఆడనే. కర్ర పట్టుకొని ఒక్కలే తిరుగుడు నేర్పుతరు. నేర్చుకున్నంక వేరేటోళ్లకు నేర్పే కొలువిస్తరు. రేపు పొద్దుగాల చేరాలె. ఇంట్ల తోడున్నోళ్లు ఒప్పుకున్నట్టు కాయితం ఇయ్యాల్టి రోజే పంపాలె. లేకుంటె సీటు ఇంకొకరికి పోతది.”

“వద్దని చెప్పిన గద.”

“నాకు ముప్పై నాలుగేండ్లు. ఓటు నేనే ఏస్త. గద్వాల పోవాలంటె నీ సంతకం గావాల్నట.”

“గందుకే పెట్ట. ఒక్కదానివి రోడ్డు దాటగలవా నువ్వు?”

“ఇప్పుడే దాటినం.”

“ఏది? ఎప్పుడు?”

“నువ్వు వద్దని చెప్తుంటివి సూడు, గప్పుడు.”

“నేనుంటి గద పక్కన.”

“ఉంటివి. నడుమల నిలవడి చెప్పు ఎతుకుతుంటివి. బస్సాయన తిట్టిండు, నీకినవడలేదా?”

“నన్నా తిట్టింది?”

“కాదు, నన్ను. గిసొంటోన్ని బయటికెందుకు తెచ్చినవ్ అన్నడు.”

“వాని... నేనెవరో తెల్వదు వానికి.”

“నాకు అలవాటే. అన్నా, నువ్వు కోపానికి రానంటె ఒకటి అడుగుత. పోయినేడు గూడ గీ సీటొచ్చె. నాకిష్టం లేదని రాసిచ్చిన్నట. అండ్ల నా ఏలిముద్ర ఉన్నదని రోహిణి మేడం చెప్పింది, గద్వాల కాయితాలు గూడ ఆమె కాడికే పోతయ్.”

“చాయ్ దుకాణం ఇంకెంత దూరం?”

“నా ఏలు పట్టుకొని ఒత్తింది నువ్వు. ఏం కాయితం అన్నా అని అడిగితె ఏమన్నవ్?”

“నాకు యాదికి లేదు.”

“నాకున్నది. పింఛన్‌ది, నీకెందుకు అన్నవ్.”

“చాయ్ వాసనొస్తున్నది.”

“వస్తది. నీకు అక్కరున్న జాగలనే వస్తది.”

“అది గాదు జమ్ములూ. నువ్వు పోతె... నా బీపీ గోళీ ఎవరు యాది చేస్తరు? మీ వదినె చెప్తె నాకు ఒళ్లు మండుతది. నువ్వు చెప్తేనే ఏసుకుంట. బండి తాళం ఏడ పెట్టిన్నో నీకే తెలుస్తది.”

“గట్లనా? మరి మనిద్దర్ల తోడుమనిషి ఎవరు?”

“నేనే. కాయితంల అట్లనే ఉన్నది.”

నిజాముద్దీన్ దుకాణంలో ఒక పక్క చాయ్, ఇంకో పక్క జిరాక్స్. రెండు పక్కలా వేడి మొహానికి ఒక్కతీరుగానే తగులుతుంది. అల్లం వాసన ఎటు వస్తుందో చూసుకుని జమ్ములమ్మ అన్నను అటు కూర్చోబెట్టింది.

“సలాం జమ్ములక్కా. పొద్దటి సంది నాలుగో జోడీ మీది. మీ అన్న చక్కెర ఏసుకుంటడా?”

“నన్నడుగు నిజాముద్దీన్. నేనీడనే ఉన్న.”

“ఎంత ఎయ్యాలె అక్కా?”

“నన్నడుగుమన్న గద.”

“జర తక్కువెయ్యి భాయ్. చల్లార్చి ఇయ్యి, మీద పోసుకుంటడు.”

“సాబ్. చాయ్ సాబ్. చాయ్. తీస్కోన్రి.”

“కండ్లే కట్టిన్రు, చెవులు కట్టలే. ఎందుకట్ల మొత్తుకుంటవ్?”

“మాఫ్ చెయ్యున్రి సాబ్, నోట్లెకెల్లి అట్లనే వస్తున్నది. వెల్దండ బాలయ్య ముచ్చట ఇన్నరా? గంతలతోని పోయి పోయి పక్క ఫంక్షన్ హాల్ల పెండ్లి బంతిల కూసున్నడట. పెండ్లికొడుకు పక్కన ఫోటో గూడ దిగిండు. చూపులేని కొడుకు వాకిట్ల నిలవడి పిలుస్తుంటె, బగారన్నం అయిపోనియ్యి అంటున్నడట.”

“ఆయన నయం. నాకు అరటిపండు దొరికింది.”

“ఎవరిచ్చిన్రన్నా?”

“బువ్వ తిన్న హోటల్ కాడ. నువ్వు చేతులు కడుక్కోనీకె పోతివి గద, గప్పుడు ఎవరో ముసలామె చేతిల పెట్టింది. దేవుడున్నడు బిడ్డా అన్నది. ఎన్కనే ఇంకోడొచ్చి నన్ను రోడ్డు దాటిచ్చిండు. నేను దాటే పనిలేదు నాయనా అంటె ఇనలే.”

“అందుకే అటు దిక్కు మొత్తుకుంటుంటివా? నన్ను నెలకు నాలుగుసార్లు దాటిస్తరు. మళ్ల నేనే తిరిగొస్త. పండు తిన్నవా మరి?”

“సగం తిన్న, సగం ఇగో ఈడ బల్ల మీద పెట్టిన. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి నిలవడె, తినకుంటె పోయేటట్టు లేకుండె. జమ్ములూ, అందరు నీతోనే మాట్లాడుతున్రు. నేను లేనట్టె.”

“ఉన్నవ్ అన్నా. నాకు కనవడుతున్నవ్.”

“నగకు.”

“నగుతలే. నిజాం భాయ్, పొద్దుగాల నీకిచ్చిన కాయితం తీయి. అన్న సంతకం గావాలె.”

“ఇగో. నరేందర్ సాబ్, పెన్ను పట్టున్రి.”

“ట్రైనింగు హాజరుదేనా?”

“చదివిచ్చుకో అన్నా.”

“రెండు సతర్లే ఉన్నది సాబ్. నేను చదువుత.”

“టైమెంత?”

“మూడుంబావు.”

“చదువుకుంట కూసుంటె ఈడనే నాలుగైతది. బస్సు పట్టే పని ఇంకా మిగిలే ఉన్నది. ఏడ పెట్టాల్నో చూపియ్యి.”

“సాబ్, అది బల్ల.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు నా చెయ్యి.”

“నా సంతకం జర పొడుగుంటది. దానికి జాగ గావాలె.”

“అక్కా, సాబ్ సంతకం కాయితం దాటి అరటిపండు మీదికి పోయింది. ఏలిముద్ర పెట్టిస్త. సిరా డబ్బా ఉన్నది.”

“ఏలిముద్రా? నేను డిగ్రీ చదివినోన్ని.”

“నాకు గూడ పేరు రాయనొస్తది అన్నా. నేర్చుకొని రెండేండ్లాయె. కాయితం వచ్చినప్పుడల్ల నువ్వు నా ఏలే పట్టుకుంటివి.”

“జల్ది అయితదని పట్టుకున్న.”

“ఔ, జల్దే అయితది. అన్నా, ఇంకొక్కసారి చెప్తున్న. చదివిచ్చుకో.”

“నీ మీద నమ్మకం లేకనా? పట్టు ఏలు.”

“అక్కా, ఒత్తాల్నా?”

“అక్కా, నిన్నే. సాబ్ ఏలు పట్టుకొనే ఉన్న.”

“ఒత్తు భాయ్.”

“పడ్డది. మస్తు సాఫ్ పడ్డది. ఫోటో తీసి ఫోన్ల పంపాల్నా?”

“రోహిణి మేడంకు పంపు.”

“నా ఏలికి సిరా అంటింది. ఎవరు తుడుస్తరు?”

“అంగికి తుడుసుకో. నేను గంతే చేస్త.”

బస్టాండులో డీజిల్ పొగ, కోసి ఉప్పుకారం చల్లిన జామకాయలు, ఎవరి ఊరిని వాళ్లు పిలుస్తున్న కండక్టర్లు. కాయితంలో రాసిన ఆఖరి పని ఒక్కటే మిగిలింది: తోడుమనిషి చూడకుండా, నోటితో అడిగి, చెప్పిన బస్సును పట్టుకోవాలి.

“ఏ బస్సు పట్టాలె?”

“గద్వాల.”

“గద్వాలెందుకు? మన ఊరు కోడేరు బస్సు పట్టుకుంట.”

“కోడేరు బస్సు ఆగినా, దగ్గినా నీకు తెలుస్తది. పరీక్షన్నంక కష్టంది పట్టాలె.”

“అదీ నిజమే. ఓ సార్, గద్వాల బస్సేది?”

“అన్నా, అది స్తంభం.”

“నాకెట్ల తెలుస్తది?”

“స్తంభం కాడ మాట తిరిగొస్తది. మనిషి కాడ మాట పోతది. ఇను, ఇటు దిక్కు ఇంజను మోగుతున్నది.”

“సార్, ఇది యాడికి?”

“గద్వాల. వనపర్తి మీదికెల్లి పోతది. ఎక్కేటోళ్లు ఎక్కున్రి, పావు తక్కువ నాలుగుకు కదులుతది.”

“దొరికింది జమ్ములూ. నేనే పట్టిన. ఒక్కన్నే అడిగి పట్టిన.”

“పట్టినవ్ అన్నా. సక్కగ పట్టినవ్. తలుపేడున్నదో చెప్పు.”

“ఈడ. ఎడమ దిక్కు కడ్డీ ఉన్నది. మూడు మెట్లు, మొదటిది జర ఎత్తు. ఎక్కుడే.”

“ఇగో, గిట్ల చెప్పాలె. నీకు పనొచ్చింది.”

“ఎక్కినవా? పట్టుడే గద పని, ఎక్కుడెందుకు?”

“కిటికీ కాడికి రా. ఇటు. నా మాట ఇనుకుంట రా.”

“అమ్మా, టికెట్. ఇద్దరా?”

“ఒక్కటే సార్. ఆయన కొత్త పాసు ఇంకా రాలే.”

“టికెట్ తీసుకుంటున్నవేంది? సంచేది?”

“నా ఒడిల ఉన్నది. అన్నా, బీపీ గోళీలు నీ అంగి జేబుల పెట్టిన, ఎడమ దిక్కు. బండి తాళం బియ్యం డబ్బా మీద ఉన్నది. నిజాం భాయ్ వస్తున్నడు, నిన్ను హాలుకు తోల్కపోతడు. నాలుగింటి దాకా గంతలు ఇప్పకు.”

“నువ్వు దిగు.”

“అన్నా...”

“అమ్మ పోయేటప్పుడు నీ చెయ్యి నా చేతిల పెట్టింది జమ్ములూ.”

“పెట్టింది. ఇరవై ఏండ్లాయె. చెమట పట్టిందన్నా.”

“నాకు భయమైతున్నది.”

“నాకు గూడ అయితున్నది. భయమైతున్నదని దిగుతె ఇంకెన్నడెక్కుత?”

“నేను గంతలు ఇప్పుతున్న. ఇప్పి, లోపలికొచ్చి, నిన్ను పట్టుకపోత.”

“ఇప్పు మరి. పాసు పోతది.”

“పోతె పోనీ.”

“ఇప్పినవా?”

“నాలుగుకు ఇంకెంత సేపున్నది?”

“పావుగంట.”

“అమ్మా, కిటికీల చెయ్యి లోపలికి తీస్కో. ఓ అన్నా, కడ్డీ ఇడువు, బండి కదులుతున్నది.”

“జమ్ములూ. జమ్ములూ, నా ఏలు ఒత్తింది ఏం కాయితం మీద?”

“పింఛన్‌ది అన్నా. నీకెందుకు.”