బెంచీ మీది బొంత

హలో… ఆ, అమ్మా. నేనే, యమునను. చెప్పు.

కంపెనీలనే ఉన్న. అన్నం టైమే… డబ్బ ఇప్పిన. తింటున్న… బెండకాయ. తింటున్ననమ్మా, నోట్లనే ఉన్నది, అందుకే మాట సరిగ వస్తలేదు.

నువ్వెక్కడున్నవ్, గంత చప్పుడు… మేడ్చల్ దవాఖానల? ఎవరికేమైంది?

జంగమ్మ పెద్దమ్మ బిడ్డకా. అశ్రితకు. కాన్పైందా… మొగపిల్లగాడా. మంచిది.

లేదు, నాకెందుకు చెప్పలేదని నేను అడగలే. ఎవరింట్ల కాన్పైనా నువ్వు నాకు చెప్తలేవు, ఎరుకే… ఏడుస్తలేను. మామూలుగనే మాట్లాడుతున్న. నా గొంతు ఇప్పుడు గిట్లనే ఉంటది. ఎందుకు చేసినవో చెప్పు.

ఏం బొంత?

…నీలంది. తెల్ల పువ్వులది. ఆ, నీ చీరనే. నాట్లకు కట్టుకపోయేదానివి చూడు, అది.

పెద్దమ్మ గుర్తుపట్టిందా… పట్టక ఏం జేస్తది. గౌడవెల్లి పొలాలల్ల నీ పక్కన వంగి ఎన్నేండ్లు నాట్లేసింది. నీ మొఖం కంటె ఆ చీరనే ఎక్కువ చూసి ఉంటది.

ఆ. నేనే పెట్టిన. మొన్న డ్యూటీకి వచ్చేటప్పుడు, కాన్పుల వార్డు బయట బెంచీ మీద పెట్టి వచ్చిన… ఎవరికని కాదమ్మా. ఎవరికి లేకపోతే వాళ్లు తీసుకుంటరు.

— నువ్వు తిను రోజా, నా కోసం చూడకు. అమ్మ ఫోన్. —

ఎవరు లేరు, నా పక్క మిషన్ పిల్ల. చెప్పు… ఒక్కటే కాదు. మస్తు పెట్టిన. ఎండకాలం నుంచి కుడుతున్న. నీ అల్లునికి ఎరుకే. పాత చీరలు తెచ్చిచ్చేది ఆయననే.

ఎందుకంటే ఏం చెప్పాలె… నేను ఆ వార్డుల ఉన్నప్పుడు పక్క మంచం మీద ఒకామె ఉండె గదా, ఒడిశామె. ఇటుక బట్టీల పనిచేసేది. బిడ్డను మొగుని లుంగీల చుట్టుకున్నది. నా సంచిల బొంత ఉండె. చుట్టనీకి పిల్ల లేదు. ఆమెకు ఇయ్యాల్నని అప్పుడు తోచలే. ఇంటికొచ్చినంక తోచింది. గంతే.

పేరెందుకు చెప్పాలె? చెప్తే వచ్చి చెయ్యి పట్టుకుంటరు. నీకెంతమంది పిల్లలమ్మా అని అడుగుతరు.

ఏమడిగినవ్… జర పెద్దగ మాట్లాడు. మెల్లగ అంటే ఈడ ఇనవడదు.

…ఆ. అదే.

అదేనమ్మా. పాపకని కుట్టింది. తర్వాత కుట్టినయి కాదు.

ఎరుకే. నువ్వు చెప్పినవ్, అత్తమ్మ గూడ చెప్పింది. కాన్పు కాకముందు బిడ్డకు ఏం కొనొద్దు, ఏం కుట్టొద్దని. నేనే ఇనలే. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది, పొద్దు పోకపాయె. సూది దారం చేతిల ఉంటే జల్దీ పొద్దుగూకేది… అను. డిగ్రీ చదివి గిట్లనా అని అప్పుడు గూడ అన్నవ్. అను, పర్వాలేదు.

అత్తమ్మ దాన్ని చెరువుల ఇడిచి రమ్మన్నది. పోయిన. శామీర్‌పేట కట్ట మీది దాక పోయిన. చేపలు పట్టేటోళ్లు చూస్తున్నరు… వాళ్లు చూసినందుకు కాదు. చెయ్యి రాలే. మల్ల తెచ్చి బీరువాల పెట్టిన. మొన్న పాత చీరలు ఒడిసినయి, బెంచీ మీద పెట్టనీకి ఏం లేదు. బీరువా తెరిస్తే అది గనవడ్డది. మడతల ఊకె ఉండేదానికి ఎవరన్న కప్పుకుంటే అయితది గదా అనుకున్న.

వాళ్లెట్ల తీసుకున్నరంటే… వాళ్లు గూడ ముందు ఏం కొనుక్కోలే గదా. కొనొద్దు గదా. పిల్లగాడు పుట్టంగనే చుట్టనీకి ఏం లేకుండె, బెంచీ మీద గనవడ్డది, తీసుకున్నరు.

బాబుకేమైంది?

…కామెర్లా. లైటు కింద పెట్టిన్రా… కండ్లకు గుడ్డ కట్టిన్రా. మస్తుమంది పిల్లలకు అయితదమ్మా. తగ్గుతది.

కామెర్లు బొంతతోని రావు. నాకెరుకే. నీకు గూడ ఎరుకే… ఆ, పెద్దమ్మకు ఎవరు చెప్పాలె. నిజమే.

ఆమె నిన్ను అడిగిందా, పాపకు కుట్టిందేనా అని?… నువ్వేం చెప్పినవ్?

తర్వాత కుట్టింది అన్నవా.

…నేను గూడ గదే చెప్పాల్నా. ఎవరికి నష్టమంటే, ఎవరికి లేదు.

లేదమ్మా. పెద్దమ్మకు ఫోన్ ఇయ్యి.

నీ మీద కోపం కాదు. ఇయ్యి… ఇను. నేను పేరు చెప్పకుండ పెట్టిన. అందుకే వద్దనే వీలు ఆమెకు లేకపాయె. ఎవరిదో ఎరుకైతే ముట్టుకునేది గాదు. ఇప్పుడు నోరు తెరిచి అడిగింది. అడిగినంక గూడ అబద్ధం చెప్తే, అది ఇచ్చినట్టు గాదు. అంటగట్టినట్టు.

ఇయ్యమ్మా.

…

పెద్దమ్మా. ఆ, యమునను… బాగున్న. అన్నం తింటున్న. నువ్వు తిన్నవా?

పెద్దమ్మా, అమ్మ నీకు అబద్ధం చెప్పింది. నా కోసం చెప్పింది, ఆమెనేం అనకు. ఆ బొంత మా పాపకు కుట్టింది. పాప ఏడో నెలల కడుపులనే పోయింది, నీకెరుకే, నువ్వు చూడనీకి వచ్చినవ్ గదా. ఆ బొంతల ఎవరు పండుకోలే. పాపను గూడ దాంట్ల పెట్టలే. దవాఖానోళ్లు తెల్లగుడ్డల చుట్టిచ్చిన్రు, మా ఆయన గట్లనే తీసుకపోయిండు.

…పోయిన పిల్ల బొంత మీ పిల్లగానికా అంటున్నవా.

అను. నువ్వనే దాంట్ల తప్పు లేదు.

…మీకు దొరుకుతదని నాకు తెల్వదు. తెలిస్తే పెట్టేదాన్ని కాదు.

…నిజమే. వేరేటోళ్ల పిల్లగాడైతే మాత్రం పిల్లగాడు గాదా. నిజమే, పెద్దమ్మా. నేను గంత దూరం ఆలోచించలే.

వస్త. నేనే వచ్చి తీసుకపోత. అర పూట సెలవు అడుగుత, ఆటోల వస్త… లోపలికి రాను. బయట బెంచీ కాడనే నిలవడుత. పిల్లగాన్ని చూడను. నువ్వు పరేషాన్ గాకు.

చెరువులనే ఇడిచిపెడుత. ఆ… ఈసారి ఇడిచిపెడుత.

పెద్దమ్మా, ఒక్క మాట. రాత్రంత అందులనే పండుకున్నడా?

…ఏడ్వలేదా. పాలకు గూడ లేపాల్సొచ్చిందా… మంచిది.

ఎవరు, అశ్రితనా? పక్కనే ఉన్నదా… ఏమంటున్నది?

ఉచ్చ పోసిండా దాంట్ల. పోస్తడు గదా… సబ్బు పెట్టి ఉతికి, ఆరినంక ఇస్తనంటున్నదా.

వద్దు. ఉతకొద్దని చెప్పు.

…తడి ఉన్నా పర్వాలేదు. కవర్ల పెట్టి అట్లనే ఇయ్యమను.

ఎందుకంటే… ఉతికితే పిల్లగాని వాసన పోతది… ఏం లేదు, పెద్దమ్మా. నీళ్లల్ల పెట్టొద్దను. నేను వస్తున్న.