ఫిట్సు మందుండే ఇల్లు

ఆ డబ్బా బల్ల మీద పెట్టి ముందు కూర్చో తల్లీ. మిగిలిన మందులు చూస్తే రేపు తనిఖీకొచ్చేవాళ్లు వచ్చే ఏటి డబ్బు కోసేస్తారనేగా నీ భయం? కొత్తేం కాదులే. ఆసుపత్రిలో నీ కుర్చీలో ఒకప్పుడు కూర్చున్న నర్సక్క సంగతి నీకెవరూ చెప్పినట్టు లేదు. పిసినారక్క అనేవాళ్లం. దగ్గుమందడిగితే సగం సీసానే పోసేది. "మీ పుట్టింటి సొమ్మా అక్కా?" అని దర్జీ ఎగతాళి చేస్తే, "పుట్టింటిదైతే నీకు చుక్క కూడా పొయ్యను తమ్ముడూ" అనేది. జ్వరాలేమో వానలతో దిగుతాయి, పంచాయతీ మందుల డబ్బు వానలు వెలిశాక గాని రాదు. అందుకని ప్రతిదాంట్లోనూ కాస్త వెనకేసేది.

ఓ ఏడు ప్రెసిడెంటొచ్చి మందుల బీరువా తెరిచాడు. చెడ్డవాడు కాదు. ఈ వీధి కాలవ కట్టించింది ఆయనే, ఇప్పటికీ పూడలేదు చూడు. ఆ, ఏం చెబుతున్నాను? బీరువా. "నిండు కుండలో మళ్లీ నీళ్లెందుకమ్మా" అని మందుల డబ్బు ఆ కాలవకే మళ్లించాడు. ఉన్న మందులు తొలి వానలకే అయిపోయాయి. ఆ వానల్లోనే మా చిన్నదానికి జ్వరమెక్కి ఫిట్సొచ్చాయి. ఎత్తుకుని పరిగెత్తాను. అక్క ఖాళీ అరలే తడుముతూ ఉంది. టౌనుకి వెళ్లే దార్లోనే... సరే. ఫ్యానెయ్యనా?

మళ్లీ మందులొచ్చినప్పుడు అక్క వెనకేసినవి బీరువాలో పెట్టలేదు. ఇళ్లల్లో పెట్టింది. విరేచనాల పొట్లాలు దర్జీ ఇంట్లో, జ్వరం మందు పంతులమ్మ ఇంట్లో. ఫిట్సు మందు పట్టుకుని మా గుమ్మమెక్కింది. "ఇంక మా ఇంట్లో ఎవరికక్కా?" అన్నాను. "తలుపు తడితే ఒక్క క్షణం ఆగనిది నువ్వే" అంది. ఎలా వెయ్యాలో చెయ్యి పట్టుకుని నేర్పింది. వడ్రంగి కూతురు, కడుపుతో నీ దగ్గరికి వస్తోందే, అది పసిపిల్లప్పుడు దానికే ముందు వేశాను. గుక్కపట్టి ఏడ్చేదాకా ఒళ్లోంచి దించలేదు. అప్పట్నుంచీ ఎవరూ మా ఇంటిపేరు అడగలేదు. ఫిట్సు మందిల్లు అంటే చాలు, చూపించేవాళ్లు.

అక్క పోయాక వచ్చిన నర్సులు రూలొప్పుకోదని ఇళ్లల్లోవన్నీ ఏరుకుపోయారు. తప్పనను.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది? ఫిట్సుదేనా?

ఇలా ఇవ్వు. వంటింటి అల్మారాలో పై అర ఖాళీగానే ఉంచాను.