నాన్నకు భుజం పట్టలేదు

అధ్యక్షులు ఓల్డ్‌రాయిడ్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక నిలబడి అప్పుడే రెండో గ్లాసులోకి దిగిన నా క్రాగ్‌థార్ప్ జట్టు మిత్రులకు వందనాలు.

ఇంతసేపూ నన్ను పొగిడారు. “చచ్చినోడి గురించి చెప్పినట్టుందిరా,” అని మా ఎనోక్ పక్కనుంచి గొణుగుతున్నాడు. ఒరే ఎనోక్, నీ బోడిగుండుకూ నా మోకాలికీ ముడిపెట్టింది ఈ రగ్బీయేరా! (నవ్వులు) ఆ మోకాలు ఇక వంగదు. అందుకే ఈ సభ.

వేల్స్‌లో మా లోయలో ఆడినన్నాళ్లూ నాది పాత రగ్బీ. అక్కడ ఆటకు డబ్బు ముట్టుకుంటే మైల. దేశం తరఫున ఆడినవాళ్లకిచ్చే గౌరవ టోపీ కూడా తెచ్చుకున్నాను. గనులకు తాళాలు పడి ఇంట్లో పొయ్యి వెలగని ఏడు, మీ మనిషి వచ్చి, “ఇంగ్లండ్ ఉత్తరాదికి వచ్చెయ్యవయ్యా, ఆడిన రోజుకి కూలిస్తాం,” అన్నాడు. వచ్చాను, మీ కొత్త రగ్బీ ఆడాను, నా పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆ మేలు మరవను. కానీ ఆనాటి నుంచి పాత ఆటవాళ్లు నన్ను జన్మకంతా వెలివేశారు.

పోయిన మార్చిలో మా నాన్న పోయాడు. మా లోయలో ఆటగాడి ఇంట మనిషి పోతే శవపేటిక జట్టే మోస్తుంది. మా తమ్ముడు డేనియల్ ఇంకా అక్కడే ఆడుతున్నాడు కనుక అందరూ నల్లకోట్లు వేసుకుని వచ్చారు. నేను వెళ్లి భుజం పట్టబోతే పెట్టె కింద పెట్టేశారు. క్లబ్బు కార్యదర్శి దగ్గరికొచ్చి, “ఏమనుకోకు ఈవాన్. నీతో కలిశారని తెలిస్తే కుర్రాళ్ల మీద కూడా వేటు పడుద్ది,” అన్నాడు.

“ఇది ఆట కాదయ్యా, మా నాన్న!” అన్నాను.

మా తమ్ముడే అన్నాడు: “పక్కకి జరుగన్నా. నాన్న వానలో తడుస్తున్నాడు.”

జరిగాను. వాళ్లు మోశారు, నేను వెనక నడిచాను. మా నాన్న బరువెంతో నాకు తెలియకుండానే పోయింది.

“ఇక ఇంటికెళ్లిపోతావా?” అని మొన్న ఎనోక్ అడిగాడు. ఏ ఇంటికిరా? రెంటికీ చెడ్డ రేవడినైపోయాను. అక్కడ అమ్ముడుపోయినవాణ్ణి, ఇక్కడ ఎన్నేళ్లున్నా పరాయివాణ్ణి. వచ్చే శనివారం నా చొక్కా ఇంకొకడు తొడుక్కుంటాడు. ఈ కాలితో గనిలోకీ దిగలేను. నాకు భయంగా ఉంది, దాచడం దేనికి.

గడియారం ఇచ్చారు, సంతోషం. ఇంకేమైనా కావాలా అని అధ్యక్షులు పెద్ద మనసుతో అడిగారు. అడుగుతాను. నేను పోయిననాడు మావాళ్లు రారు. నా పెట్టె మోసేవాళ్లు మీలో ఎవరో ఇప్పుడే చేతులెత్తండి.

అందరూ గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. ఎనోక్, నువ్వొక్కడివీ ఎలా మోస్తావురా? దించు, చెయ్యి నొప్పెడుతుంది.

ఓపిగ్గా విన్నారు, కృతజ్ఞుణ్ణి. సెలవు.